ఫోన్‌లో బడి, తోటలో పిల్లలు



మామూలుగా మనం ఇక్కడ ఆకు గురించి, రోగాల గురించి, గూళ్ల రేటు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బడి గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. కరోనా వచ్చిన 2020లో ఒకటో తరగతిలో చేరాల్సిన మన పిల్లలు ఇప్పుడు హైస్కూలు గుమ్మం దాకా వచ్చేశారు. బళ్లు మూసిన ఆ ఏడాదిన్నరలో వాళ్లకు ఏం పోయిందో మనం లెక్క వేసుకోలేదు. పంట దెబ్బతింటే 100 గుడ్లకు ఎన్ని కేజీలు తగ్గిందో వేళ్ల మీద చెప్తాం. పిల్లల చదువు దెబ్బతింటే ఆ లెక్క ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. అందుకని మా ఇంటి లెక్కతోనే మొదలుపెడతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాచకుండా చెప్తాను.

*ఇంటికి ఒక ఫోను*

మాది శిడ్లఘట్ట వైపు పల్లె. తాతల కాలం నుంచి ఇంట్లో తెలుగు, బయట కన్నడ. 2020 మార్చి మధ్యలోనే బళ్లు మూసేశారు. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మొదట్లో పిల్లలకు అది పండగ. వేసవి సెలవులు ముందుగా వచ్చాయి, అంతే అనుకున్నాం. జూన్ వచ్చింది, బడి తెరవలేదు. అప్పటికి మా పాప ఎనిమిదో తరగతికి వచ్చింది, తాలూకా కేంద్రంలో ప్రైవేటు బడి. చిన్నోడు మా ఊరి సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేరాలి.

జులైలో పాప బడి నుంచి మెసేజ్ వచ్చింది. రోజూ ఉదయం 10 గంటలకు ఫోన్‌లో క్లాసు. మా ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్, అది నా జేబులో ఉండేది. దానికే చాకీ కేంద్రం వాళ్ల ఫోను వస్తుంది, టెంపో డ్రైవర్ ఫోను వస్తుంది, మందుల అంగడి ఫోను వస్తుంది. డేటా రోజుకు ఇంత అని లెక్క. రెండు క్లాసులయ్యేసరికి అయిపోయేది.

నాకు బాగా గుర్తున్న రోజు ఒకటుంది. 150 గుడ్ల పంట. నాలుగో జ్వరం లేచి మూడో రోజు. ఆ దశ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పంట మొత్తానికి పట్టే ఆకులో 80 శాతం పైన ఆ చివరి వారంలోనే తినేస్తాయి. లాక్‌డౌన్ భయంతో కూలీలు రావడం లేదు. నేనూ మా ఆవిడా తెల్లారకముందే తోటలో ఉన్నాం. పదయ్యేసరికి పాప గట్టు మీదికి పరిగెత్తుకొచ్చింది. "నాయనా, ఫోన్ ఇయ్యి, క్లాసు మొదలైపాయ" అనింది. అదే సమయానికి ఎరువుల అంగడి అతను లైన్లో ఉన్నాడు. "ఉండు, రెండు నిమిషాలు" అన్నాను. ఆ రెండు నిమిషాలు అరగంట అయింది. ఆ తర్వాత పాప ఫోను అడగలేదు. కొడవలి తీసుకుని మా పక్కన కొమ్మలు కోయడం మొదలుపెట్టింది.

నేను ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే ఆ పూటకు సంతోషించాను. ఆకు షెడ్డుకు వేళకు చేరింది. ఆ పంట బాగానే వచ్చింది కూడా. కానీ ఆ రోజు తర్వాత పాప క్లాసుకు కూర్చోవడం వారానికి మూడు రోజులైంది, తర్వాత రెండు రోజులైంది. ఆ పంట అయ్యేసరికి క్లాసులో ఏ పాఠం నడుస్తోందో తనకు తెలియకుండా పోయింది.

*ఇది మా ఒక్క ఇంటి కథ కాదు*

అప్పట్లో పేపర్లో, టీవీలో "ఆన్‌లైన్ చదువు" అని గట్టిగా చెప్పేవాళ్లు. అది ఎంతమందికి అందిందో తర్వాత తెలిసింది. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జాఁ ద్రేజ్, ఇంకొందరు కలిసి 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద ఇళ్ల పిల్లలు సుమారు 1,400 మందిని కలిసి సర్వే చేశారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు 8 శాతమే. 37 శాతం మంది అసలు ఏమీ చదవడం లేదు. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లలో కూడా అది పనికెళ్లే పెద్దవాళ్ల చేతిలోనే ఉంటోందని ఆ సర్వేలో తేలింది. అది చదివినప్పుడు నా జేబు నేను తడుముకున్నాను.

పల్లెల చదువు మీద సర్వే చేసే 'అసర్' వాళ్ల లెక్క కూడా చూడండి. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్ల పిల్లలు 2018లో 36.5 శాతం, 2021లో 67.6 శాతం. అంటే అప్పోసొప్పో చేసి మనవాళ్లు ఫోన్లు కొన్నారు. అయినా ఇంట్లో ఫోన్ ఉన్న పిల్లల్లోనే నలుగురిలో ఒకరికి అది చేతికి అందలేదు.

ఫోను అందినా సిగ్నల్ ఉండాలి కదా. మా తోటలో ఒక మూల గట్టు మీద నిలబడితేనే రెండు గీతలు వచ్చేవి. కొండ ప్రాంతాల్లో ఉన్న మన మిత్రుల కష్టం ఇంకా పెద్దది. ఒడిశా రాయగడ జిల్లాలో 2021 ఆగస్టులో ఆన్‌లైన్ క్లాసు కోసం సిగ్నల్ వెతుక్కుంటూ గుట్ట ఎక్కిన ఒక పిల్లవాడు జారిపడి చనిపోయాడు. పాఠం వినడానికి ప్రాణం పోయిన కాలం అది.

సర్కారు కూడా ఊరికే కూర్చోలేదు. కర్ణాటకలో చందన దూరదర్శన్‌లో హైస్కూలు పాఠాలు వేశారు. తమిళనాడులో 2019లోనే మొదలైన కల్వి టీవీలో పాఠాలు వచ్చాయి. టీవీ చాలా ఇళ్లలో ఉంది కాబట్టి అది మంచి ఆలోచనే. కానీ మన పల్లెల్లో కరెంటు ఉండే వేళ వేరు, పాఠం వచ్చే వేళ వేరు. కరెంటు ఉన్నా టీవీని ప్రశ్న అడగలేం. "సార్, అర్థం కాలేదు" అంటే టీవీ ఆగదు.

చిన్న పిల్లల సంగతి మరీ గందరగోళం. ఐదో తరగతి వరకు ఆన్‌లైన్ క్లాసులు వద్దని కర్ణాటక సర్కారు 2020 జూన్‌లో చెప్పింది. చిన్న కళ్లకు ఫోను మంచిది కాదనేది అందులో ఒక కారణం. జులైలో హైకోర్టు ఆ నిషేధాన్ని ఆపింది. కోర్టులో గెలిచినా ఓడినా మా చిన్నోడికి తేడా లేదు. వాడికి ఆన్‌లైనూ లేదు, బడీ లేదు. బడి నుంచి మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, బేళ్లు వచ్చేవి. ఒకటో తరగతి అంటే వాడికి తెలిసింది ఆ సంచి ఒక్కటే.

*దేవళం అరుగు మీద బడి*

ఆ చీకటిలో ఒక మంచి పని జరిగింది, చెప్పుకోవాలి. 2020 ఆగస్టులో కర్ణాటకలో 'విద్యాగమ' మొదలైంది. పిల్లలు బడికి రాకూడదు కాబట్టి మేష్ట్రే ఊళ్లోకి రావాలి. ఇంట్లో ఏ ఫోనూ లేనివాళ్లు, మామూలు ఫోను ఉన్నవాళ్లు, ఇంటర్నెట్ ఉన్నవాళ్లు అని పిల్లలను మూడు రకాలుగా విడదీసి ఎవరికి ఎలా చెప్పాలో చూసుకున్నారు.

మా ఊళ్లో దేవళం అరుగే బడి అయింది. ఇంకో ఊళ్లో చింతచెట్టు కింద, మరో చోట ఖాళీగా ఉన్న పురుగుల షెడ్డులో. మా మేష్ట్రు మాస్కు కట్టుకుని బైకులో వచ్చేవారు. పదిమంది పిల్లలను దూరదూరంగా కూర్చోబెట్టి ఇసుకలో అక్షరాలు రాయించేవారు. చిన్నోడు పొద్దున్నే తలస్నానం చేసి పలక పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. వాడి మొదటి బడి అదే.

అక్టోబరులో విద్యాగమ ఆపేశారు. మేష్ట్రకూ పిల్లలకూ కరోనా సోకుతోందని భయం. ఆ భయం అబద్ధం కాదు. మేష్ట్రు కూడా మనిషే, ఆయనకూ ఇల్లుంది. ఎవరినీ తప్పు పట్టలేం. కానీ ఆ రెండు నెలలే మా వాడికి ఆ ఏడాది మొత్తంలో దొరికిన చదువు.

*పోయింది పాఠం ఒక్కటే కాదు*

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది మన తెలుగిళ్లకు ప్రత్యేకంగా తగిలిన దెబ్బ. దీన్ని ఏ సర్వేలోనూ నేను చూడలేదు, ఇళ్లలో మాత్రం చూశాను.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదివేది కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో. ఆ భాష వాళ్లకు పుస్తకంతో రాదు. బడి వరండాలో, ఆటల్లో, పక్క పిల్లాడితో పెన్సిల్ కోసం పోట్లాడినప్పుడు వస్తుంది. "నీళ్లు తాగొచ్చా మేష్ట్రే" అని అడగడంతో వస్తుంది. ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు మన పిల్లలు మాట్లాడకుండా వింటారు. దసరా దాటేసరికి గడగడా మాట్లాడతారు. మనమందరం అలాగే నేర్చుకున్నాం. బడి అంటే మనకు ఒకటి చదువు, రెండోది ఊరి భాషలోకి దారి.

బడి మూసేసరికి ఆ దారి మూసుకుపోయింది. ఇంట్లో తెలుగు, తోటలో తెలుగు, ఫోన్‌లో తెలుగు కార్టూన్. ఏడాదిన్నర అలాగే గడిచింది. కన్నడ ఇంట్లో పుట్టిన పిల్లాడికి బడి మూసినా కన్నడ వినబడుతూనే ఉంటుంది. మన పిల్లాడికి అది కూడా లేదు. హోంవర్కు వాట్సాప్‌లో వస్తే వాళ్లమ్మ చదివి చెప్పాలి. ఆమెకు కన్నడ మాట వచ్చు, అక్షరం రాదు. తెలుగు అక్షరమూ రాదు, ఎందుకంటే ఆమె చదివింది ఐదు వరకే, అదీ కన్నడంలో, అదీ ఇరవై ఏళ్ల కిందట. చాలా ఇళ్లలో ఇదే కదా కథ.

2021 అక్టోబరు 25న కర్ణాటకలో ఒకటి నుంచి ఐదు తరగతులు తెరిచారు. చిన్నోడు అప్పటికి రెండో తరగతి. నేనే తీసుకెళ్లాను. మేష్ట్రు ప్రేమగా "ఊట ఆయ్తా?" అని అడిగారు. అన్నం తిన్నావా అని అంత చిన్న మాట. వాడు నా మొహం చూశాడు. తెలియక కాదు, ఆ మాటకు ఆ భాషలో జవాబు చెప్పే అలవాటు పోయింది. నేను పక్క నుంచి "తిన్నానని చెప్పురా" అన్నాను. వాడు తెలుగులోనే చెప్పాడు. మేష్ట్రు నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

హోసూరు, కృష్ణగిరి వైపు ఉన్న బంధువులతో మాట్లాడితే అక్కడా ఇదే మాట. ఇంట్లో తెలుగు, కల్వి టీవీలో తమిళం. పెద్ద పిల్లలు ఎలాగో పట్టుకున్నారు. తమిళ అక్షరాలే ఇంకా రాని చిన్నవాళ్లకు అది పాట విన్నట్టే. అక్కడ ఒకటి నుంచి ఎనిమిది తరగతులు తెరిచేసరికి 2021 నవంబరు 1 అయింది.

*చాకీ దశలో పోతే*

మనకు బాగా తెలిసిన సంగతితో చెప్తాను. మొదటి రెండు జ్వరాల దాకా పురుగుకు వేడి 27, 28 డిగ్రీలు, తేమ 85 శాతం పైన, లేత ఆకు సన్నగా తరిగి వేయాలి. ఆ దశలో అవి తినే ఆకు ఎంత? మొత్తంలో లెక్కలోకి రానంత. అయినా అక్కడ అశ్రద్ధ చేస్తే తర్వాత ఐదో దశలో ఎంత మంచి ఆకు పోసినా గూడు గట్టిగా రాదు. అందుకే డబ్బిచ్చి చాకీ కేంద్రం నుంచి తెచ్చుకుంటున్నాం.

ఒకటి, రెండు తరగతులు కూడా అలాంటివే. అక్కడ నేర్పేది చూస్తే కొంచెమే. అక్షరాలు, అంకెలు, పదిమందిలో కూర్చోవడం. కానీ మిగతా చదువంతా దాని మీదే నిలబడుతుంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశంలోని పల్లెల్లో 2018లో 27.3 శాతం. 2022లో 20.5 శాతానికి పడిపోయారని అసర్ చెప్పింది. కరోనాకు ముందే గొప్పగా లేదు, తర్వాత ఇంకా జారింది. అప్పుడు ఐదుగురిలో ఒకరే చదవగలిగారంటే మిగతా నలుగురు నాలుగో తరగతి పుస్తకం ముందు ఏం చేసినట్టు?

పైగా పరీక్షలు లేకుండా పై తరగతికి పంపేశారు. తమిళనాడులో 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షే పెట్టలేదు, అందరూ పాస్. కర్ణాటకలో 2021 పదో తరగతి పరీక్ష రెండు రోజుల్లో, జవాబుకు గుర్తు పెట్టే పద్ధతిలో అయిపోయింది. ఆ పరిస్థితిలో అంతకన్నా చేయగలిగింది లేదు, నిజమే. కానీ చేతికి వచ్చిన కాగితం చూసి మనం చదువు వచ్చిందనుకున్నాం. తడి గూళ్లు తూకానికి బరువుగా ఉన్నట్టే అది.

అయితే పురుగుకూ పిల్లాడికీ ఒక పెద్ద తేడా ఉంది. పురుగుకు 25, 28 రోజులే. పోయిన దశ తిరిగి రాదు. పిల్లాడికి ఏళ్లున్నాయి. వెనకబడినవాడిని కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్తే అందుకుంటాడు. మా ఇంట్లోనే చూశాను.

*పిల్లల చేతులు, మన పని*

దాని కంటే ముందు ఇంకొక చేదు మాట. రేష్మె పనిలో పిల్లలను పెడతారనేది మన రంగానికి పాత మచ్చ. ముఖ్యంగా రీళ్లింగు బట్టీల దగ్గర వేడి నీళ్లలో చేతులు పెట్టిన పిల్లల గురించి దేశం బయట కూడా రాశారు. అది చాలా కష్టపడి తగ్గించుకున్నాం. బళ్లు, మధ్యాహ్న భోజనం, చట్టం అన్నీ కలిసి తగ్గించాయి. కరోనాలో బడి మూయగానే ఆ గోడ కూలింది. మనం బట్టీకి పంపలేదు సరే, ఇంటి పనే కదా అనుకున్నాం. సాయంత్రం ఒక పూట ఆకు తేవడం వేరు. రోజంతా కొమ్మలు కోసి, ట్రేలు కడిగి, సున్నం చల్లి, చంద్రికలు ఎత్తడం వేరు.

ఎవరికి ఎక్కువ పడిందో కూడా చూడాలి. మా ఇంట్లో క్లాసు ఎగ్గొట్టి తోటకు వచ్చింది పాప. చిన్నోడిని ఎవరూ పిలవలేదు. మా ఊళ్లో పదో తరగతి అయిన ఆడపిల్లల్లో కొందరు మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు. "ఎలాగూ ఇంట్లోనే ఉంది" అనే మాటతో మొదలై పెళ్లి చూపులతో ముగిసింది. అందులో ఒకామె లెక్కల్లో మా పాపకు చెప్పి పెట్టేది. ఇప్పుడు పక్క ఊళ్లో పురుగులు మేపుతోంది. బాగానే ఉంది, కానీ తనను అడిగి ఎవరూ ఆ నిర్ణయం తీసుకోలేదు.

*ఫోను దేనికి పనికొస్తుంది, దేనికి రాదు*

ఇంత రాశానని ఫోను మీద నాకు కోపం లేదు. ఈ సంచిక మీకు ఫోన్‌లోనే వస్తోంది. రేట్లు తెలుస్తున్నాయి, వాన సంగతి తెలుస్తోంది, మార్కెట్లో వేలం కూడా ఫోన్ల మీదికి వచ్చింది. కరోనాలో మనకు పెట్టిన శిక్షణలు కూడా ఆన్‌లైన్‌లోనే జరిగాయి.

అక్కడే మనకూ ఒక పాఠం ఉంది. పాల రోగం వచ్చిన పురుగు ఫొటో పంపి "ఇదేంటి సార్" అని అడిగాం. కణుపుల దగ్గర ఉబ్బిందా, చర్మం మెరుస్తోందా, పొడిస్తే పాలలాంటి నీరు వస్తోందా అని ఆయన తిరిగి అడిగారు. ఫొటోలో ఇవేవీ సరిగా తేలవు. షెడ్డులోకి వచ్చి ఒక్క చూపు చూస్తే తెలిసిపోతుంది. పెబ్రిన్ అయితే చూపుకు కూడా అందదు, సూక్ష్మదర్శిని కావాలి. ముప్పై ఏళ్లు పురుగులు మేపిన మనకే ఫోన్‌లో నేర్చుకోవడం ఇంత కష్టమైతే, ఆరేళ్ల పిల్లాడు అందులో 'అ' దిద్దుతాడని ఎలా అనుకున్నాం?

తెలిసిన విషయానికి కొత్త సమాచారం చేర్చడానికి ఫోను బాగా పనికొస్తుంది. అసలు తెలియనిదాన్ని మొదటిసారి నేర్పడానికి పక్కన మనిషి ఉండాలి. పిల్లాడి మొహం చూసి "అర్థం కాలేదు కదూ" అని కనిపెట్టే మనిషి.

*తిరిగి అందుకున్నది ఎలా*

మా చిన్నోడి విషయంలో మేష్ట్రు ఒక పని చేశారు. తరగతి పుస్తకం పక్కన పెట్టి పిల్లలను వచ్చినదాన్ని బట్టి విడగొట్టారు. అక్షరాలు రానివాళ్లు ఒక చాప, కూడబలుక్కునేవాళ్లు ఒక చాప, చదివేవాళ్లు ఇంకో చాప. కర్ణాటకలో చిన్న తరగతులకు ఇది కొత్త కాదు. 1995 ప్రాంతంలో హెచ్‌.డి. కోటెలో మొదలైన 'నలి-కలి' పద్ధతి ఇలాంటిదే. 2022-23 విద్యాసంవత్సరాన్ని 'కలికా చేతరికె' అని పోయిన చదువు రాబట్టడానికే పెట్టారు. తమిళనాడులో 2021 అక్టోబరులో 'ఇల్లం తేడి కల్వి' మొదలై, సాయంత్రాలు ఊరి వాలంటీర్లే పిల్లలకు చెప్పారు. మనం కూడా జ్వరానికి సమంగా కూర్చోని పురుగులను వేరు తట్టలో పెట్టి ఆకు వేస్తాం కదా. అందరికీ ఒకే ఆకు వేస్తే వెనకున్నవి ఎప్పటికీ వెనకే.

ఇంట్లో మేము చేసింది ఇంకా చిన్నది. రాత్రి షెడ్డు పని అయ్యాక అరగంట, పాప చిన్నోడికి కన్నడంలో ఒక కథ చెప్తుంది. వాడు అదే కథ వాళ్లమ్మకు తెలుగులో చెప్పాలి. ఒక ఆరు నెలలు గడిచేసరికి వాడి కన్నడం తిరిగొచ్చింది. తెలుగు కూడా గట్టిపడింది. కన్నడం రావడానికి ఇంట్లో తెలుగు మానేయాలని కొందరు సలహా ఇచ్చారు. అక్కర్లేదు. రెండు ఎద్దులూ ఉంటేనే బండి నడుస్తుంది.

*మీ ఇంట్లో ఈ వారం చూడండి*

ఇప్పుడు ఐదు నుంచి ఎనిమిది తరగతుల్లో ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వాళ్లే ఆ కాలం పిల్లలు. దయచేసి ఇవి చూడండి.

1. చదివించి చూడండి. మార్కుల కార్డు కాదు, ఏదైనా కాగితం చేతికివ్వండి. చాకీ కేంద్రం చీటీ, మార్కెట్ బిల్లు, బస్సు బోర్డు ఏదైనా సరే. తడుముకుంటుంటే తిట్టకండి. అది వాళ్ల తప్పు కాదు.

2. మేష్ట్రను "ఎన్ని మార్కులు" అని కాక, "ఏ తరగతి పుస్తకం సొంతంగా చదవగలడు" అని అడగండి. జవాబు వేరుగా ఉంటుంది.

3. చాకీ తెచ్చే తేదీని పరీక్షల తేదీతో సరిచూసుకోండి. చాకీ పురుగులు ఇంటికి వచ్చిన పదో రోజు ప్రాంతంలో నాలుగో జ్వరం లేస్తుంది. అక్కడి నుంచి ఏడెనిమిది రోజులు ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. ఆ రోజులు పరీక్షల మీద పడకుండా ఒక వారం అటూ ఇటూ జరిపితే పంటకు నష్టం లేదు, పిల్లకు మాత్రం ఒక ఏడాది నిలుస్తుంది.

4. బడి మానేసిన పిల్లలుంటే, ముఖ్యంగా ఆడపిల్లలు, ఓపెన్ స్కూల్ ద్వారా పది, పన్నెండు పూర్తి చేయవచ్చు. వయసు దాటిపోయిందని వదిలేయకండి.

5. మళ్లీ ఎప్పుడైనా బడి మూసే రోజు వస్తే, మొదటి వారమే పది ఇళ్లు కలిసి ఒక అరుగు, ఒక చదువుకున్న అమ్మాయినో అబ్బాయినో చూసుకోండి. మనం దానికి ఏడాదిన్నర ఎదురుచూశాం.

*చివరిగా*

మా పాప ఇప్పుడు కాలేజీలో ఉంది. తొమ్మిది, పది తరగతుల్లో లెక్కలతో చాలా అవస్థ పడింది. ఎనిమిదిలో పోయిన పాఠాలే దానికి కారణమని తనే చెప్పింది. ఒకసారి అడిగాను, "ఆ రోజు ఫోను ఇవ్వలేదని కోపమా" అని. "కోపం లేదు నాయనా, ఆ రోజు పురుగులు ఆకలిగా ఉన్నాయి కదా" అనింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పురుగుల ఆకలి నాకు కనబడింది. పిల్ల అడిగింది కనబడలేదు.

పోయిన నెల చాకీ తెచ్చినప్పుడు చీటీ చిన్నోడి చేతికిచ్చాను. గుడ్ల నంబరు, బ్రషింగ్ తేదీ, ఎన్ని గుడ్లు, అన్నీ కన్నడంలో గట్టిగా చదివాడు. చదివి, వాళ్లమ్మకు తెలుగులో చెప్పాడు. తేదీ చూసి, "నాయనా, నాలుగో జ్వరం లేచేసరికి నాకు పరీక్షలు ఉంటాయి" అన్నాడు. ఈసారి ఆ వారానికి ఇద్దరు కూలీలను ముందే మాట్లాడి పెట్టాను.

మీ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో, పిల్లలు తిరిగి ఎలా అందుకున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి. రాయడం రాకపోయినా పర్లేదు, చెప్పండి చాలు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం, ఎక్కడివాళ్లయినా సరే. పనికొచ్చేవి వచ్చే సంచికలో అందరికీ పంచుతాం.

మీ పంట బాగుండాలి, మీ పిల్లలు బాగా చదవాలి.